మళ్ళీ వేలిముద్రకే తీసుకొచ్చారు

"వేలిముద్రగాడు" అనే తిట్టు మీలో చాలామంది వినే ఉంటారు. మా గోదావరి జిల్లాల్లో ఆ మాటకి చదువురానివాడు అన్న అర్థం ఒక్కటే లేదు. ఏ కాగితం ముందు పెట్టినా కాదనకుండా వేలు ఒత్తేవాడని కూడా అర్థం. ఆ మాట అనే నోరు ఏ వీధిదో, పడే మనిషి ఏ పేటవాడో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తిట్టు వదిలించుకోడానికి మనవాళ్ళు పడ్డ పాట్లు చిన్నవి కావు. రాత్రిబడులు పెట్టుకున్నారు. కూలికెళ్ళొచ్చిన చేతులతో పలకలు పట్టారు. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో పశువుల దగ్గరి కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. అది చూసి ఎంతమంది తమ పిల్లల్ని కామందు దొడ్లోంచి బడికి మళ్ళించారో మన జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్ళు వాచకంలోని ఒక పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అక్కణ్ణుంచి అది రాష్ట్రమంతా పాకింది. సంతకం నేర్చుకోవడం అంటే ముందు చదవడం నేర్చుకోవడం. చదివినవాళ్ళకి 'నేను పెట్టను' అనే అవకాశం కూడా వస్తుంది. డ్వాక్రా సంఘంలో మొదటిసారి తన పేరు తాను రాసుకున్న అమ్మల్ని అడగండి, ఆ రోజు ఎలా ఉండిందో చెబుతారు.

ఇప్పుడు సామర్లకోటలో ఏ సచివాలయం ముందైనా ఒక పూట నిలబడి చూడండి. పెన్షన్‌కి వేలు. రేషన్‌కి వేలు. ఈ-పంట నమోదుకి వేలు. పిల్లాడి ఫీజుల డబ్బుకి తల్లి వేలు. సిమ్ కార్డుకి వేలు, బ్యాంకు మిత్ర దగ్గర సొంత డబ్బులు తీసుకోడానికి వేలు. వేలు పడకపోతే కన్ను, కన్ను పడకపోతే మొహం. పేరు రాయడం నేర్చుకున్న అమ్మకి ఆ పేరుతో ఇప్పుడు పనిలేదు. రెండు తరాలు కష్టపడి వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చాం. దేశం డిజిటల్ అయిందని చెప్పి మళ్ళీ వేలిముద్రకే తీసుకొచ్చారు.

తెలుగు పాఠం చెప్పేవాళ్ళకి ఈ మాటలు ఊరికే పోనివ్వబుద్ధి కాదు. 'చేవ్రాలు' అంటే చేతి రాత. పారసీ నుంచి మనకొచ్చిన 'దస్కతు'లోనూ ఉన్నది చెయ్యీ రాతా. రెండు మాటల్లోనూ ఒక మనిషి పూనుకుని చేసే పని ఉంది. వేలిముద్రలో ఆ పని లేదు. నిద్రపోతున్న మనిషి వేలు తీసి ఒత్తినా పడుతుంది. నెల్లూరు అమ్మలకి దొరికిన ఆ 'పెట్టను' అనే అవకాశం అందులో లేదు. ఎలక్ట్రానిక్ సంతకాల భద్రత గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే. ఈ భద్రత అంతా "ఈ వేలు ఎవరిది?" అనే ప్రశ్న చుట్టూ కట్టిన కోట. "ఈ వేలు ఎందుకు పడింది, దేని మీద పడింది, పడకుండా ఉండే వీలుందా?" అని అడిగే గుమ్మం ఆ కోటకి పెట్టలేదు.

ఇంజనీరింగ్ చదివే మిత్రులు కోప్పడకముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ-సైన్ నిర్మాణం తెలివైనదే. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకాన్ని గుర్తించింది. 2008 సవరణ దాన్ని 'ఎలక్ట్రానిక్ సంతకం'గా విశాలం చేసింది. 2015 జనవరిలో ఆధార్ ధృవీకరణతో సంతకం చేసే పద్ధతి చట్టంలోకి వచ్చింది. మీరు ఓటీపీ చెప్పినా, వేలు పెట్టినా, ఆధార్ వ్యవస్థ మీరు మీరేనని చెబుతుంది. వెంటనే మీ పేర ఒక రహస్య తాళం పుడుతుంది. పత్రం మొత్తాన్ని పిండి తీసిన ఒక సంఖ్య మీద ఆ తాళం పడుతుంది. పని అయిపోగానే తాళాన్ని చెరిపేస్తారు. ఆ సర్టిఫికెట్ ఆయుష్షు అరగంట. తర్వాత పత్రంలో ఒక్క అక్షరం మార్చినా పట్టుబడిపోతుంది. పాత రోజుల్లో తెల్లకాగితం మీద ముద్ర వేయించుకుని పైన రాసుకునే కరణాలకి ఈ విద్య కుదరదు.

కానీ ఆ సంఖ్య ఏ పత్రంలోంచి తీశారు? ఎదురుగా ఉన్న ఆపరేటరు తెర మీది పత్రంలోంచి. తెర అతని వైపు తిరిగి ఉంటుంది. యంత్రం మాత్రం మన వైపు. పత్రం తర్వాత మారలేదని గణితం హామీ ఇస్తుంది. ముందే చూపించారని ఏ గణితమూ హామీ ఇవ్వదు.

మా పేటలో ఒక పిన్ని గ్రూపు లోను తీసుకుంది. కంపెనీ కుర్రాడు ట్యాబుతో వచ్చాడు. ఆధార్‌కి కట్టిన ఫోను నంబరు ఆమెది కాదు, హైదరాబాదులో పనిచేసే కొడుకుది. "బాబూ, ఆరంకెలు వచ్చాయంట, చెప్పు" అని ఫోను చేసింది. అతను షిఫ్టులో ఉండి చెప్పేశాడు. సంతకం అయిపోయింది. అప్పు పత్రం 19 పేజీల ఇంగ్లీషులో అతని ఫోనుకి వెళ్ళింది. ఇన్సూరెన్సు పేరుతో అసలులోంచే కొంత కోసుకున్నారని ఆమెకి మూడో కిస్తీ నాడు తెలిసింది. ఆ అబ్బాయి నా దగ్గర డిగ్రీ చదివాడు కాబట్టి ఈ సంగతి నా దాకా వచ్చింది. ఇందులో నేరం ఎక్కడుందో చెప్పండి? ఓటీపీ నిజమైనది, ఆధార్ నిజమైనది, తాళం నిజమైనది. చట్టం లెక్కలో ఇది నిక్కమైన సంతకం.

బహుళ అంచెల భద్రత అంటే తెలిసినది ఒకటి, దగ్గరున్నది ఒకటి, ఒంటి మీదది ఒకటి అడగడమని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. పాస్‌వర్డు, ఫోను, వేలు. ప్రతి మనిషికీ విడిగా ఒక ఫోనుందని ఈ లెక్క వేసినవాళ్ళు అనుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్ళు దేశంలో 54 శాతమే. మిగిలినవాళ్ళ 'రెండో అంచె' మొగుడి జేబులోనో, కొడుకు జేబులోనో, వలంటీరుతనం చేసే పక్కింటి కుర్రాడి జేబులోనో ఉంటుంది. రెండో అంచె పెట్టడమంటే వాళ్ళ దృష్టిలో తలుపుకి రెండో తాళం వెయ్యడం. మన ఇళ్ళల్లో ఆ తాళంచెవి రెండో మనిషి చేతికి పోతోంది.

పోనీ మూడో అంచె, ఒంటి మీదది, దాన్నయినా ఎవరూ ఎత్తుకుపోలేరు కదా అంటారు. ఈ కథ మన తెలుగు నేల మీదే జరిగింది కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం. 1908 రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో 32ఏ అనే సెక్షన్ చేర్చారు. దొంగ సంతకాలతో భూములు మారిపోతున్నాయని, ఇక నుంచి దస్తావేజు మీద ఫోటో, వేలిముద్ర ఉండాలన్నారు. మంచి ఉద్దేశమే. తర్వాత రిజిస్ట్రేషన్ దస్తావేజుల్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టారు. పారదర్శకత కదా, అదీ మంచి ఉద్దేశమే. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు టార్గెట్లు పూర్తి చేసుకోడానికి ఆ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రల్ని రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చులు తీశాడు. ఆ అచ్చులు ఆధార్ యంత్రం మీద ఒత్తి వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఇందులో పెద్ద హ్యాకింగ్ ఏమీ లేదు. బజార్లో రబ్బరు స్టాంపు చేసేవాడికి తెలిసిన పనితనమే. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా కూడా ఇదే దారి తొక్కింది. ఈసారి మన ఆంధ్రప్రదేశ్ దస్తావేజులు. ఈసారి ఏకంగా జనం బ్యాంకు ఖాతాల్లోంచే డబ్బు లాగారు.

సంతకాన్ని కాపాడడానికి తెచ్చిన వేలిముద్రే దొంగకి ముడిసరుకు అయింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. సంతకం దొంగిలిస్తే వంకర మార్చి పెట్టుకుంటాం. వేళ్ళు పదే. 2023 నుంచి యంత్రం ముందున్నది బతికున్న వేలా, అచ్చా అని పోల్చుకునే పద్ధతి తెచ్చామని ఆధార్ సంస్థ చెబుతోంది. సంతోషమే. బతికున్న వేలినే ఎత్తుకుపోయే పద్ధతికి మాత్రం మందు లేదు. "సర్వర్ పోయింది, ఇంకోసారి పెట్టమ్మా" అంటారు. రెండోసారి పెట్టిన వేలు ఎక్కడికి పోయిందో ఆ ముసలమ్మకి ఏం తెలుస్తుంది? రసీదు అడగదు. అడిగితే రేపు ఆ మిత్రుడు ఆమె పని చెయ్యడు.

ఇంకో వైపు, అసలు మనిషే వచ్చి నిలబడినా యంత్రం కాదంటుంది. ఆధార్‌తో రేషన్ ఇచ్చే ప్రయోగం 2012లోనే మన తూర్పుగోదావరి జిల్లాలో మొదలైంది. 2015లో రాష్ట్రంలో కొన్ని చౌకదుకాణాల మీద ప్రభుత్వమే పరిశీలన చేయిస్తే, సరుకు అందలేదన్న 400 మందిలో 290 మందికి కారణం వేలిముద్ర కలవకపోవడం. నాట్లు వేసే వేళ్ళు, సున్నం కలిపే వేళ్ళు, పారిశుద్ధ్య పనిలో మందు చల్లే వేళ్ళు అరిగిపోతాయి. పని చెయ్యని వేలు చక్కగా పడుతుంది. కులాన్ని కొలిచే యంత్రం ఎవరూ కనిపెట్టలేదనుకుంటాం గానీ, ఇది దానికి దూరంలో లేదు.

వేలిముద్రని సంతకంగా వాడడం ఎక్కడ పుట్టిందో చరిత్ర విద్యార్థులకి తెలిసే ఉంటుంది. 1858లో, బెంగాల్‌లోని జంగీపూర్‌లో. విలియం హెర్షెల్ అనే కంపెనీ అధికారి రోడ్డు కంకర సరఫరాకి రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో కాంట్రాక్టు రాయించుకుని, కాగితం వెనక మొత్తం అరచెయ్యి సిరాలో ముంచి ఒత్తించుకున్నాడు. శాస్త్రం కోసం కాదు. 'ఆ సంతకం నాది కాదు' అని రేపు అనకుండా భయపెట్టడానికని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. ఆయనే 1877లో హుగ్లీ జిల్లాలో వేలిముద్రల్ని అమలులో పెట్టినప్పుడు ఎంచుకున్న చోట్లు చూడండి: పెన్షన్లు, దస్తావేజుల రిజిస్ట్రేషన్, జైలు. నూట యాభై ఏళ్ళు కావొస్తున్నా ఆ జాబితా మారలేదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఆ తెగల్లో పుట్టిన పాపానికి మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. స్టువర్టుపురం ఎరుకల బిడ్డలకి ఈ చరిత్ర నేను చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో వేలిముద్ర మొదటి నుంచీ ఎదుటివాడి భద్రత కోసమే. పెట్టేవాడు మాట తప్పకుండా, తప్పించుకోకుండా.

ఇప్పటి చట్టం భాషలో దీనికి గౌరవమైన పేరుంది, కాదనలేనితనం. ఐటీ చట్టంతోపాటు సాక్ష్య చట్టంలో 85బి సెక్షన్ వచ్చింది. భద్రమైన ఎలక్ట్రానిక్ సంతకం ఉంటే, ఆ మనిషి ఆ పత్రాన్ని ఒప్పుకునే ఉద్దేశంతోనే సంతకం చేశాడని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసే భారం కాదన్నవాడిదే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోకీ ఈ సూత్రం అలాగే వచ్చింది. అంటే భద్రత పెంచుతున్న కొద్దీ ఆ బరువు పెరిగేది మన పిన్ని మీద. వేలు ఆమెదేనని యంత్రం ఎంత గట్టిగా చెబితే, తనకి తెలియదన్న ఆమె మాట అంత పలచనవుతుంది.

అంతకంటే పాత చట్టం దీనికి ఎదురు మాట్లాడుతుందని లా విద్యార్థులు గమనించాలి. 1872 కాంట్రాక్టు చట్టంలో 16వ సెక్షన్ ఉంది. ఒకడు ఎదుటివాడి ఇష్టాయిష్టాల్ని శాసించే స్థితిలో ఉండి, ఒప్పందం చూడగానే అన్యాయంగా కనిపిస్తే, ఒత్తిడి లేదని రుజువు చేసుకోవాల్సింది ఆ బలవంతుడే. పరదా చాటున ఉండే స్త్రీల విషయంలో కోర్టులు ఇంకో అడుగు ముందుకేశాయి. ఆమెతో దస్తావేజు రాయించుకున్నవాడే దాన్ని ఆమెకి చదివి వినిపించానని, ఆమెకి అర్థమయిందని రుజువు చెయ్యాలన్నాయి. పెద్దింటి ఆడవాళ్ళ కోసం పుట్టిన సూత్రం అది. తర్వాత చదువురాని ఆడవాళ్ళకి కూడా వర్తింపజేశారు. జమీందారిణికి దొరికిన ఆ రక్షణ ట్యాబు ముందు కూర్చున్న కూలి మనిషికి ఎందుకు దొరకదు? ఈ-సైన్ ప్రమాణాల్లో తాళం ఎన్ని బిట్లుండాలో రాసుకున్నవాళ్ళకి, పత్రాన్ని మనిషికి తెలిసిన భాషలో చదివి వినిపించి ఆ గొంతు రికార్డు భద్రపరచాలని రాయడం కష్టమైన పనా?

సంతకం నిజమైనదై సమ్మతి నిజం కాని సందర్భానికి మనకి కొత్త ఉదాహరణలు అక్కర్లేదు. 1932 సెప్టెంబర్ 24న ఎరవాడ జైలు దగ్గర బాబాసాహెబ్ పెట్టిన సంతకం ఎవరిదో ఎవరికీ అనుమానం లేదు. ప్రపంచంలోని ఏ బయోమెట్రిక్ యంత్రమైనా దాన్ని ఆకుపచ్చ లైటుతో దాటిస్తుంది. ఆ సంతకం వెనక ఒక నిరాహార దీక్ష ఉంది, ఆ మహాత్ముడికి ఏమన్నా అయితే ఊరూరా మన పేటల మీద పడే దాడుల భయం ఉంది. పూనా ఒడంబడిక మీద ఆయన తర్వాత రాసిన ప్రతి పేజీ ఆ ఒత్తిడి గురించే. కామందు ఇంట్లో పనిచేసే కుర్రాడు కామందు తెచ్చిన కాగితం మీద వేలు పెట్టడాన్నీ ఇదే చూపుతో చూడమంటాను.

మనలోనే ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయను. కరణం కలంతో పోల్చుకుంటే యంత్రం వెయ్యి రెట్లు నయం, యంత్రానికి కులం లేదు అని. 1984లో ఎన్టీఆర్ కరణం, మునసబు పదవులు రద్దు చేసేదాకా అడంగల్‌లో ఎవరి పేరు ఉండాలో ఒకే కుటుంబం తరతరాలుగా నిర్ణయించింది. ఎసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధిస్తూ 1977లో చట్టం తెచ్చినా, మనవాళ్ళ పట్టాలు తెల్లకాగితాల మీది ముద్రలతో చేతులు మారాయి. అలాంటి మనకి మార్చలేని రికార్డు కావాలి. ఎవరు ఏ నిమిషంలో ఏ ఎంట్రీ మార్చారో పట్టిచ్చే డిజిటల్ సంతకం కావాలి. అందుకే నేను టెక్నాలజీ వద్దనడం లేదు. ఆ కట్టుదిట్టం అధికారుల సంతకాలకి ముందు రావాలంటాను. అధికారి డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ డాంగిల్ కంప్యూటర్ ఆపరేటరు సొరుగులో పడి ఉండి, దాని పిన్ను కీబోర్డు కింద చీటీ మీద ఉండే ఆఫీసులు మీరు చూడలేదా? ముసలమ్మ నాలుగువేల పెన్షన్‌కి కన్నూ మొహమూ అడిగే రాజ్యం, ఎకరాల్ని అటూ ఇటూ మార్చే సంతకానికి ఆ మాత్రం కట్టడి చెయ్యలేదా?

యంత్రానికి కులం లేకపోవచ్చు. అది ఎవరి ముందు పెట్టారు, ఎవరి సంతకం లేకపోతే పని ఆగుతుంది అన్నదాంట్లో కులం ఉంది. కౌలు సంగతి చూడండి. 2011 చట్టంలో యజమాని సంతకంతో పనిలేకుండా సాగుదారుకి రుణ అర్హత కార్డు వచ్చేది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉంటేనే కార్డు. మన డెల్టాలో చేను దున్నేవాడిది ఒక పేట, పట్టా ఉన్నవాడిది ఇంకో వీధి, చాలాసార్లు ఇంకో దేశం కూడా. అమెరికాలో ఉన్న యజమానికి ఈ-సైన్ ఎంత సులువు! అయినా ఆ సంతకం రాదు. కౌలుదారు వేలు మాత్రం ఏడాదిలో ఇరవైసార్లు పడుతుంది, నష్టపరిహారం వచ్చే ఒక్క రోజు తప్ప. సంతకం పెట్టకుండా ఉండే హక్కు వాళ్ళకి, పెట్టక తప్పని గతి మనకి.

రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో డిజిటల్ అప్పులకి ఇచ్చిన నిబంధనల్లో పనికొచ్చే సంగతులు రెండున్నాయి. సంతకమైన పత్రాల కాపీ అప్పు తీసుకున్నవాళ్ళకి దానంతటదే చేరాలి. మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కి తగ్గడానికి కొంత గడువు ఉండాలి. 2024 ఏప్రిల్‌లో ఇంకొకటి చేర్చారు. అప్పు ముఖ్య వివరాల పత్రం తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి. మా పిన్ని కంపెనీవాళ్ళ దగ్గరికి ఆ అబ్బాయీ నేనూ వెళ్ళి అడిగింది కూడా అదే, తెలుగు పత్రం ఏదని. వెతికి పంపుతామన్నారు. ఇన్సూరెన్సు డబ్బు గురించి లిఖితపూర్వకంగా అడిగాం, ఇంకా జవాబు రాలేదు.

చదువుకుంటున్న మిత్రులు ఈ ఆదివారం ఇంట్లో కూర్చుని ఒక పని చెయ్యండి. ఆధార్ వెబ్‌సైటులో గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ ధృవీకరణ జరిగిందో చరిత్ర కనిపిస్తుంది. అమ్మదీ, నాన్నదీ, నాయనమ్మదీ తీసి ఒక్కో వరస వాళ్ళకి చదివి వినిపించండి. "ఈ రోజు నువ్వు వేలు పెట్టావా? దేనికి?" అని అడగండి. గుర్తులేనివి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రోజూ వేలుతో పనిలేనివాళ్ళకి బయోమెట్రిక్ లాక్ వెయ్యండి. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. రోజూ పనిపడేవాళ్ళకి ఎలా తీసి వెయ్యాలో దగ్గరుండి నేర్పండి, మీరే వేసి పెట్టి ఆ తాళంచెవి కూడా మీ జేబులో పెట్టుకోకండి. పిఠాపురం, పెద్దాపురం వైపు మిత్రులు కూడా ఆ నోటు పుస్తకాలు తీసుకొస్తే కలిపి చూద్దాం. ఒకే మిత్రుడి యంత్రం దగ్గర, ఒకే రోజు, చాలామందికి గుర్తులేని వరసలు కనిపిస్తే అప్పుడు బ్యాంకుకి వెళ్ళేది ఒక్క ముసలమ్మ కాదు, పేట మొత్తం.

కౌలు కార్డుల సంగతి వచ్చే భాగంలో విడిగా రాస్తాను. జై భీమ్.